దారం ఊగితే చాలు

సొరంగం క్యాంపు, ఫ్యాన్ల షెడ్డు
మార్చి 4

అక్కకి,

క్షేమంగా చేరాను. రైలు దిగాక జీపులో ఆరు గంటలు, ఆ పైన సరుకుల లారీలో రెండు గంటలు. నడుం విరిగిపోయింది. ఇక్కడ ఫోన్లు పలకవు. లారీ డ్రైవరు వారానికి రెండుసార్లు కిందికి దిగి ఉత్తరాలు పోస్టులో వేసి, వచ్చినవి తెస్తాడు. కాబట్టి బద్ధకించకుండా రాయి. బావ ఎలా ఉన్నాడో నాకు ఎప్పటికప్పుడు తెలియాలి.

నా కొత్త పనేమిటని అడిగావు, హడావుడిలో చెప్పలేకపోయాను. ఇక్కడ కొండలో సొరంగం తవ్వుతున్నారు. బయట నా షెడ్డులో రెండు పెద్ద ఫ్యాన్లు ఉంటాయి. వాటి నుంచి మనిషి దూరేంత లావు గుడ్డ గొట్టం సొరంగం కప్పు పొడుగునా లోపలికి పోతుంది. ఆ చివర రాయి తొలిచేవాళ్ళు నూటముప్పై మంది. వాళ్ళు పీల్చే ప్రతి ఊపిరీ నా ఫ్యాన్లలోంచి వెళ్ళాల్సిందే. గొట్టం చివర ఒక దారం కట్టి ఉంచుతాం. గంటకోసారి వెళ్ళి చూస్తాం. దారం ఊగితే గాలి అందుతున్నట్టు. వేలాడిందంటే అందరినీ బయటికి తరమాలి. పదకొండేళ్ళుగా నా చదువంతా ఆ దారమే.

మన ఇంట్లోనూ అదే చేసి వచ్చాను. గాలి శుభ్రం చేసే మిషను పెట్టినప్పుడు నువ్వు కింద టైలరమ్మ దగ్గర ఉన్నావు. బావ మంచం పక్కన పెట్టి, ఫిల్టరు దూర్చి, మూత బిగించి, స్విచ్చి నొక్కి, పై జాలీకి నీ కుట్టు డబ్బాలోంచి ఎర్ర దారం తీసి కట్టాను. ఎగిరెగిరి ఊగింది. అప్పటికి రైలుకి గంట కూడా లేదు. దారం ఊగితే చాలు అనుకుని బ్యాగు భుజాన వేసుకున్నాను.

ఇక నువ్వు చెయ్యాల్సినవి. రోడ్డు వైపు కిటికీ అంచులన్నీ టేపుతో మూసేశాను. దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ తెరవకు. ఎదురుగా కాంక్రీటు కలిపే ప్లాంటు ఉన్నన్నాళ్ళూ అందులోంచి వచ్చేది గాలి కాదు, సిమెంటు. తెల్లారి లారీలు మొదలవక ముందు వంటింటి వెనక కిటికీ అరగంట తీసి లోపలి గాలి మారనివ్వు. వంట చేసేటప్పుడు పొగ ఫ్యాను వెయ్యి. చీపురు పట్టకు, తడిగుడ్డతో తుడువు. దోమల కాయిల్ వెలిగించావని తెలిస్తే అక్కడికొచ్చి మరీ పోట్లాడతాను.

ఇరవై రెండేళ్ళు రాతి పలకలకి పాలిష్ పట్టిన మనిషి ఊపిరితిత్తుల్లో ఎంత మిగిలిందో ఛాతీ డాక్టరు ఫోటోలో చూపించింది కదా. ఆ మిగిలినదైనా మనం కాపాడుకోవాలి.

నీ తమ్ముడు


రెండో అంతస్తు, రోడ్డు వైపు వాటా
మార్చి 19

తమ్ముడికి,

నీ ఉత్తరం రావడానికి పది రోజులు పట్టింది. చదివి వినిపిస్తే మీ బావ, "వీడు గొట్టంలో గాలి పంపినట్టే ఆర్డర్లు పంపాడు, మనకి మాట్లాడే సందు ఇవ్వలేదు" అన్నాడు.

మిషనుకి పేరు పెట్టాడు. అల్లుడు. కూతురు లేకపోయినా అల్లుడొచ్చాడని చూడ్డానికొచ్చిన వాళ్ళందరికీ చూపిస్తున్నాడు. తెల్లగా, పొట్టిగా ఉంటాడు, మూల కూర్చుని రోజంతా గొణుగుతాడు, ఏం పని చేస్తున్నాడో ఎవరికీ తెలియదు, కరెంటు మాత్రం బాగా తింటాడు, అచ్చం అల్లుడే అంటాడు. నిన్న టైలరమ్మ నవ్వలేక చచ్చింది. ఆమెతో పాటు ఈయనా నవ్వాడు, ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది. పావుగంట తగ్గలేదు.

నువ్వు చెప్పినవన్నీ పొల్లు పోకుండా చేస్తున్నాను. ఒక్క సంగతి మాత్రం నాకు అర్థం కావట్లేదు. మిషను మీద దీపం మొదటి రెండు రోజులు పచ్చగా ఉంది. ఇప్పుడు ఎక్కువసేపు నారింజ రంగులోనే ఉంటోంది. సాయంత్రం లారీలు పెరిగితే ఎర్రబడుతోంది. నేనేమైనా తప్పు చేస్తున్నానా?

ఇంకోటి, కిటికీ. ఆయనకి మంచం మీంచి వీధి అంటే ఆ కిటికీ ఒక్కటే. టీ బండి దగ్గర ఎవరు చేరారో, పాత మేస్త్రీల్లో ఎవరు పోతున్నారో చూసి కేకేసి పిలిచేవాడు. ఇప్పుడు అంచుల్లో నీ టేపు, అద్దానికి బయట సిమెంటు పొర. "ఒక్క అంగుళం తియ్యవే, వీధి ఎలా ఉందో చూస్తాను" అన్నాడు. తమ్ముడు ఒప్పుకోడు అన్నాను. అటు తిరిగి పడుకున్నాడు.

ఈ కాగితం కింద తను కూడా రాస్తానంటున్నాడు.

గాలోడా, తొమ్మిదేళ్ళప్పుడు నిన్ను ఇంటికి తెచ్చుకుని, రాయి పని జోలికి రావద్దురా, గాలి పని నేర్చుకోమని పట్టుబట్టి చేర్పించింది నేను. ఇప్పుడు నా గాలికే తలుపులు పెట్టావు. బాగుంది. మీ అక్క నీ ఉత్తరాన్ని కోర్టు కాగితంలా చూపించి కిటికీ తియ్యట్లేదు. నువ్వు రా, మీ ఇద్దరి మీదా కేసు వేస్తాను. అక్కడ చలి ఎక్కువట, స్వెట్టరు వేసుకుని తిరుగు. బావ.


సొరంగం క్యాంపు
ఏప్రిల్ 3

అక్కా,

బావ రాసింది చదివి షెడ్డులో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. బడి ఎగ్గొట్టి తిరిగేవాణ్ణని పెట్టిన పేరు ఇంకా వదల్లేదు.

దీపం సంగతి చదివాక మాత్రం కోపం వచ్చింది. ఉన్నమాట చెప్పు, నువ్వు నూనె బాగా కాచి వేయిస్తున్నావు కదూ? పొగ ఫ్యాను చప్పుడని ఆపేస్తున్నావు కదూ? నేల తుడిచే నీళ్ళలో ఘాటు మందు పోస్తున్నావు కదూ? నీ శుభ్రం పిచ్చి నాకు తెలియనిది కాదు. ఆ దీపం అబద్ధం చెప్పదు. గదిలోకి చెడు గాలి ఎక్కడినుంచో వస్తోంది, రానిస్తున్నది నువ్వే. తలుపు కింద సందులో గుడ్డ పెట్టు. మిషను పక్కన చిన్న కన్నం ఉంటుంది, దీపానికి కబురందేది అందులోంచే, దూదితో తుడువు. వేగం పెద్దది చెయ్యి. చప్పుడు ఎక్కువవుతుంది, బావని ఓర్చుకోమను.

కిటికీ అడిగితే మెత్తబడకు. జబ్బు మనిషి అడిగాడని ప్రతిదీ ఇచ్చేస్తామా? నా మీద తోసెయ్యి. నన్ను తిట్టుకుంటాడు, అంతే కదా.

మే నెలలో సెలవు పెట్టుకున్నాను. పది రోజులు ఉంటాను. వచ్చాక అన్నీ నేనే చూసుకుంటాను.

తమ్ముడు


రెండో అంతస్తు
ఏప్రిల్ 22

తమ్ముడికి,

నూనె ముట్టుకోవడం మానేశాను. పది రోజులుగా ఇంట్లో ఉడకబెట్టినవే. మందు లేకుండా ఉత్త నీళ్ళతో తుడుస్తున్నాను. తలుపు కింద నా పాత చీర చింపి కుక్కాను. వేగం పెద్దది చేశాను. దీపం ఎర్రగానే ఉంది. నన్ను దోషిని చేసి నిలబెట్టావు కాబట్టి ఇదంతా రాస్తున్నాను.

ఆయన చిక్కిపోయాడు. మంచం దిగి స్నానాల గదికి వెళ్ళి రావడానికి మధ్యలో స్టూలు వేశాను, అక్కడ కూర్చుని లేస్తున్నాడు. డాక్టరు ఇంటికి ఆక్సిజన్ యంత్రం పంపింది. ముక్కుకి గొట్టాలు పెట్టుకుని, "ఇప్పుడు నేనూ సొరంగంలో వాణ్ణే, వాడికి రాయి" అన్నాడు. ఇదివరకు ఒక మాట అనడానికి ఒక ఊపిరి చాలేది. ఇప్పుడు మాటకి రెండు కావాలి. అందుకని మాటలు ఏరుకుని మాట్లాడుతున్నాడు. ఏరుకున్న వాటిలో సగం కిటికీ గురించే.

పొద్దున లేవగానే అడుగుతాడు. మందులప్పుడు అడుగుతాడు. గది ఉక్కగా ఉందంటాడు, మూసిన పెట్టెలో పెట్టినట్టుందంటాడు. మొన్న నేను స్నానానికి వెళ్ళినప్పుడు తనే లేచి గోరుతో టేపు గీకాడు. బయటికొచ్చి చూసేసరికి నేల మీద కూర్చుని రొప్పుతున్నాడు. భయమేసి గట్టిగా అరిచాను, తమ్ముడూ. పెళ్ళైన ఇరవై ఆరేళ్ళలో ఆయన మీద అలా అరవలేదు. ఊడిన చోట కొత్త టేపు వేశాను. వేస్తుంటే నా చేతుల వంకే చూస్తూ ఉండిపోయాడు.

మే నెలలో ఏ తారీఖున వస్తున్నావో రాయి. నిన్ను రోజుకి నాలుగుసార్లు అడుగుతున్నాడు.

అక్క


సొరంగం క్యాంపు
మే 7

అక్కా,

సెలవు దొరకలేదు. పెద్ద ఫ్యాను బేరింగు పోయింది. కొత్తది వచ్చేదాకా ఉన్న ఒక్క ఫ్యానుతో నెట్టుకొస్తున్నాం. నేను కదిలితే లోపల మనుషులు ఆగిపోతారు. జూన్ రెండో వారంలో తప్పకుండా వస్తాను. బావకి కోపం రాకుండా నువ్వే ఎలాగో చెప్పు.

కొత్త టేపు వేసి మంచి పని చేశావు. అరిచావని బాధపడకు. అరవాల్సిన చోట అరవాలి.

దీపం గురించి ఇక ఆలోచించకు, పాడై ఉంటుంది. నాకు ఒక్కటే చెప్పు. నేను కట్టిన దారం ఊగుతోందా? ఊగుతుంటే మిషను తన పని తను చేస్తున్నట్టే. నా మాట నమ్ము, నా వృత్తే ఇది.

తమ్ముడు


రెండో అంతస్తు
మే 20

తమ్ముడికి,

దారం ఊగుతోంది.

ఆయన ఇప్పుడు కూర్చునే నిద్రపోతున్నాడు. వీపుకి మూడు దిళ్ళు. కిటికీ తియ్యమని అడగడం తగ్గించాడు. దాని బదులు నన్ను అక్కడ నిలబెట్టి, అద్దం లోపల తుడిపించి, బయట ఏం కనిపిస్తోందో చెప్పమంటున్నాడు. పొరలోంచి ఏమీ కనిపించదు. అయినా చెబుతున్నాను. టీ బండి దగ్గర ముగ్గురున్నారు, లావు మేస్త్రీ స్కూటరు ఆపాడు, కుక్క పడుకుంది, ఇలా. నిన్న లావు మేస్త్రీ ఏ రంగు చొక్కా వేసుకున్నాడని అడిగాడు. నీలం అన్నాను. "వాడు పోయి ఏడాదైందే" అన్నాడు. కోప్పడలేదు. నా చెయ్యి పట్టుకుని, ఇంకా చెప్పు అన్నాడు.

బేరింగు వచ్చిందా? త్వరగా రా.

అక్క


రెండో అంతస్తు
జూన్ 2

తమ్ముడికి,

మీ ఆఫీసుకి ఫోను చేయించాను. కొండ విరిగిపడి దారి మూసుకుపోయింది, కబురు పంపడానికి నాలుగు రోజులు పట్టొచ్చు అన్నారు. అందుకని ఇదీ వేస్తున్నాను. ఏది ముందు చేరితే అది.

నిన్న ఉదయం ఏడింటికి మీ బావ వెళ్ళిపోయాడు. నేను పక్కనే ఉన్నాను. నిన్న సాయంత్రమే అందరూ కలిసి సాగనంపారు. పాలిష్ పనివాళ్ళు యాభై మంది దాకా వచ్చారు. మోసిన వాళ్ళలో ఇద్దరు మెట్ల మలుపులో ఆగి దగ్గారు.

నువ్వు పరిగెత్తుకుని రావాల్సిన పని ఇక లేదు. దారి బాగయ్యాకే రా.

అక్క


సొరంగం క్యాంపు
జూన్ 10

అక్కా,

ఐదో రోజున తెలిసింది. చెప్పింది డ్రైవరు. నేను గొట్టం చిరుగు కుడుతున్నాను. కుట్టు పూర్తి చేశాను. తర్వాత ఏం చేశానో గుర్తు లేదు. రాయి తొలిచే మేస్త్రీ నన్ను లాక్కెళ్ళి గదిలో పడుకోబెట్టాడట.

నాన్న పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, ఏడవడం తెలియలేదు. ఇప్పుడు రెండూ కలిపి ఏడుస్తున్నాను. బావ నన్ను భుజాల మీద ఎక్కించుకుని పనిచోటికి తీసుకెళ్ళి, గేటు బయటే కూర్చోబెట్టి, దుమ్ములోకి రావద్దని గీత గీసేవాడు. తను మాత్రం రోజూ ఆ గీత దాటి లోపలికి వెళ్ళాడు.

నాకు ఒక్క ఉపకారం చెయ్యి. మిషను వెనక మూత తీసి ఫిల్టరు చూడు. మూడు నెలలు తిరిగింది కదా, మొదట తెల్లగా ఉండేది ఇప్పుడు ఏ రంగులో ఉందో నాకు రాయి. దాని మీద ఎంత మురికి ఉంటే అంత బావ లోపలికి పోకుండా ఆగినట్టు. ఏ రకంగానూ నేను ఆయనకి అక్కరకి రాలేదు. ఆ ఫిల్టరు ఒక్కటే నా చేతి పని. అది చూసి చెప్పు. ఈ మధ్య నిద్ర పట్టట్లేదు, అది తెలిస్తే పడుతుందేమో.

తమ్ముడు


రెండో అంతస్తు
జూన్ 21
(ఈ ఉత్తరం పోస్టులో వెయ్యలేదు)

నువ్వు అడిగావని మూత తీశాను. ఫిల్టరు లాగితే చేతిలోంచి జారింది. చూస్తే ప్లాస్టిక్. నాలుగు వైపులా అతికించిన కవరు, కంపెనీలో వేసింది వేసినట్టే ఉంది. దాని మీద పెద్ద అక్షరాలతో రాసి కూడా ఉంది, వాడే ముందు కవరు తీసెయ్యండి అని. కవరు పైన బూడిద. లోపల ఫిల్టరు కొన్న రోజున ఎలా ఉందో అలా ఉంది.

నువ్వు కవరు తియ్యలేదు. తియ్యకుండా దూర్చి మూత వేశావు. గాలి దాని పక్కల్లోంచి తిరిగి పైకొచ్చి నీ దారాన్ని ఊపింది. మూడు నెలలు ఆ గదిలో ఉన్న దుమ్మే ఉంది, దాన్నే మిషను తిప్పి తిప్పి ఆయన మొహాన కొట్టింది. దీపం మొత్తుకుంటూనే ఉంది. నువ్వు నన్ను తిట్టావు. నూనె అన్నావు, మందు అన్నావు, నా శుభ్రం పిచ్చి అన్నావు. నేను ఉడకబెట్టిన కూడు పెట్టాను ఆయనకి చివరి రోజుల్లో. తినలేక పక్కన పెడితే అందుకూ విసుక్కున్నాను.

నిన్ను ఎదురుగా నిలబెట్టి చెంపలు వాయించాలని ఉంది. నూటముప్పై మందికి గాలి పంపేవాడివి, ఒక్క మనిషికి పంపడం చేతకాలేదా? నువ్వే పైకి తెచ్చుకున్న పెట్టె, నువ్వే విప్పావు. ఒక్క నిమిషం ఆగి చదివితే ఏం పోయింది? రైలు పోతే ఇంకో రైలు ఉండేది.

పొద్దున్నుంచి ఆ కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. టైలరమ్మ వచ్చి పిలిచింది, తలుపు తియ్యలేదు. ఇది నీకు పంపితే నువ్వు ఏమవుతావో నాకు తెలుసు. చిన్నప్పుడు గాజు గ్లాసు పగలగొట్టి రెండు రోజులు అన్నం మానేసినవాడివి. పంపకపోతే నేను ఏమవుతానో అది మాత్రం తెలియట్లేదు.


రెండో అంతస్తు
జూన్ 23

తమ్ముడికి,

నువ్వు అడిగినట్టే ఫిల్టరు తీసి చూశాను. నల్లగా ఉంది. పొయ్యి మీద మాడిన గిన్నె అడుగులా ఉంది. ముట్టుకుంటే వేళ్ళకి అంటింది. దాన్ని చూసి డాక్టరు కూడా మంచి పని చేశారంది. తర్వాత బయట పారేశాను, ఇంట్లో ఉంచబుద్ధి కాలేదు.

కడుపు మాడ్చుకోకు. వేళకి తిను. నిద్రపో.

అక్క


సొరంగం క్యాంపు
జూలై 8

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన రోజు కంటి నిండా నిద్రపోయాను. ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. రాయి తొలిచే మేస్త్రీకి చదివి వినిపించాను. అతను తన ఇంట్లోనూ అలాంటి మిషను పెట్టించుకుంటానన్నాడు. దగ్గుతున్నాడు కొన్నాళ్ళుగా. ఏది కొనాలో, ఎలా పెట్టాలో అన్నీ చెప్పాను.

పారేయకుండా ఉంచితే బాగుండేది. ఒకసారి కళ్ళారా చూసేవాణ్ణి. సరే, పోనీలే.

నీకు దగ్గు లేదు కదా? అదే గదిలో ఇన్నాళ్ళూ ఉన్నావు. కొత్త ఫిల్టరు పోస్టులో పంపమని దుకాణానికి రాశాను. వచ్చాక మిషను నీ మంచం పక్కన పెట్టుకో.

తమ్ముడు


సొరంగం క్యాంపు, మందుల గది
ఆగస్టు 12

అక్కా,

ఈ ఉత్తరం మందుల గదిలో కూర్చుని రాస్తున్నాను. దగ్గేవాళ్ళు ఎక్కువయ్యారని కంపెనీ ఇక్కడికొక మిషను పంపింది. మన ఇంట్లో పెట్టిందే, అదే రకం. గాలి పని నాదే కాబట్టి పెట్టమని నన్ను పిలిచారు. పెట్టె విప్పాను. మూత తీశాను. ఫిల్టరు కవరులో ఉంది. పైన రాసి ఉంది. చింపాను. చింపుతుంటే ప్లాస్టిక్ గట్టిగా చప్పుడు చేసింది. ఆ చప్పుడు వినగానే నా చేతులు ఆగిపోయాయి. అంతకు ముందు ఆ చప్పుడు నేనెప్పుడూ విన్లేదు.

ఆ రోజు మన ఇంట్లో నేను చేసినవన్నీ వరసగా గుర్తు తెచ్చుకున్నాను. అట్టపెట్టె. రెండు తెల్ల థర్మోకోల్ ముక్కలు. ఎలా వాడాలో చెప్పే పుస్తకం, అది బావ మంచం కింద పెట్టాను. దారం. బావ ఏదో జోకు వేశాడు, నవ్వాను. టైము చూసుకున్నాను. కవరు మాత్రం ఎక్కడా లేదు. చింపిన గుర్తు లేదు, పారేసిన గుర్తు లేదు.

నువ్వు నల్లగా ఉందని రాశావు. కవరులో ఉన్న ఫిల్టరు నల్లబడదు. అంటే నేను చింపి మర్చిపోయి ఉండాలి, లేదా నువ్వు అబద్ధం రాసి ఉండాలి. జేబులో ఉన్న నీ ఉత్తరం తీసి చదివాను. డాక్టరు చూసి మెచ్చుకుందని రాశావు. ఫిల్టరు చూడ్డానికి డాక్టరు రెండు అంతస్తులు ఎక్కి ఎందుకు వస్తుంది, అక్కా?

ఇంకోటి కూడా చెప్పాలి. మే నెలలో నాకు సెలవు దొరికింది. బేరింగు పోయిన మాట నిజం, కానీ ఎలక్ట్రీషియను చూసుకుంటానన్నాడు. నేనే నా సెలవు అతనికి ఇచ్చేశాను. స్నానాల గదికి మధ్యలో స్టూలు వేశావని రాశావు చూడు, అది చదివాక భయమేసింది. రాతి పలక ఒక్కడే ఎత్తే మనిషిని అలా చూడలేననిపించింది. జూన్ అన్నాను. వచ్చుంటే మిషను విప్పేవాణ్ణి. వచ్చుంటే చూసేవాణ్ణి.

ఒక్క ముక్క రాయి. కవరు తీసి ఉందా, లేదా? నువ్వు ఏది రాస్తే అది నమ్ముతాను. తీసి ఉందని రాస్తే ఇక జన్మలో మళ్ళీ అడగను. నీ మీద ఒట్టు.

తమ్ముడు


రెండో అంతస్తు
ఆగస్టు 27

తమ్ముడికి,

తీసి ఉందని రాయడానికి మూడుసార్లు కూర్చున్నాను. మూడు కాగితాలూ చింపేశాను. రాస్తే నువ్వు నమ్మినట్టు నటిస్తావు, నేను చెప్పినట్టు నటిస్తాను. ఇక జీవితమంతా ఒకరి మొహం ఒకరం సరిగ్గా చూసుకోం. అందుకని రాస్తున్నాను. కవరు తీసి లేదు.

జూన్‌లో చూశాను. చూసిన రోజున నిన్ను నానా మాటలూ అంటూ ఒక ఉత్తరం రాసి దాచాను. ఈ మధ్య తీసి చదువుకుంటే అందులో నా గురించి ఒక్క ముక్క కూడా లేదు. అది కూడా చెప్పాలి కదా.

డాక్టరు దగ్గరికి నేనే వెళ్ళాను, కవరు పట్టుకుని. ఇది తీసి ఉంటే బతికేవాడా అని అడిగాను. రాతి దుమ్ము లోపల ఎప్పుడో గట్టిపడిపోయింది, దాన్ని ఏ మిషనూ తియ్యలేదు అంది. దగ్గు కొంచెం తగ్గేదేమో, కొన్ని రాత్రులు పడుకుని నిద్రపోయేవాడేమో, రోజులు పెరిగేవో లేదో నేను చెప్పలేను అంది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నీకూ అదే చెబుతున్నాను, తగ్గించట్లేదు, పెంచట్లేదు. నువ్వు చంపలేదు. కానీ ఆ కొన్ని రాత్రులు ఆయనకి దక్కలేదు.

కవరు నీ తప్పు. కిటికీ నాది. నువ్వు వందల మైళ్ళ అవతల ఉన్నావు, గడియ మీద ఉన్నది నా చెయ్యి. ఆయన అడిగినప్పుడల్లా ఆ మొహం చూసింది నేను. చివరి రోజు పొద్దున ఐదున్నరకి లేపాడు. అప్పటికి లారీలు ఇంకా మొదలవలేదు. వీధి శుభ్రంగా ఉంటుంది ఆ వేళకి. "ఇప్పుడు తియ్యవే, ఎవరూ లేరు, వాడికి తెలియదు" అన్నాడు. నీకు తెలియకుండా తియ్యమని బతిమాలాడు, చిన్నపిల్లాడు అడిగినట్టు. నేను ఎర్ర దీపం వంక చూసి, ఇప్పుడే ఇంత ఎర్రగా ఉంటే తీస్తే ఇంకేమన్నా ఉందా అన్నాను. మధ్యాహ్నం చూద్దాం అన్నాను. సరే అన్నాడు. ఏడింటికి పోయాడు. ఈ గంటన్నర సంగతి ఎవరికీ చెప్పలేదు. నీకే మొదట చెబుతున్నాను.

పోయిన తర్వాత అందరూ వచ్చారు, గదిలో గాలాడట్లేదని ఎవరో టేపు పీకి కిటికీ తీశారు. మరీ అంత తేలిగ్గా వచ్చేసింది.

ఆ రాయి తొలిచే మేస్త్రీకి ఈ పూటే చెప్పు, ఇంటికి రాసి కవరు చింపమను. దారం కాదు, కవరు చూడమను. నువ్వే చెప్పు, ఎందుకు చెబుతున్నావో కూడా చెప్పు. సిగ్గుపడకు.

ఇక నువ్వు రా. సెలవు దొరకలేదని రాయకు, దొరికిందని నాకు తెలుస్తుంది. ఈసారి భయపడి చూడలేకపోవడానికి ఇక్కడ ఎవరూ లేరు, నేనే ఉన్నాను. నన్ను తిడతావో, నాచేత తిట్టించుకుంటావో, ఇద్దరం ఆ మంచం మీద కూర్చుని ఏడుస్తామో నాకు తెలియదు. ఆయన్ని ప్రాణంగా చూసుకున్నవాళ్ళం ఇద్దరమే, ఆయనకి ఊపిరాడకుండా చేసినవాళ్ళమూ ఇద్దరమే. ఈ మాట నేను ఇంకెవరితో అనుకోను? రా.

అక్క